కెప్టెన్‌కి ఎదురు చెప్పడం ఎలా నేర్చుకున్నారు



ఇది కొంచెం పెద్ద పోస్టు. మెస్‌లో భోజనం అయ్యాక తీరిగ్గా చదవండి. పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు కదా, విమానం గాల్లో ఉండగా ఏమైనా అయితే పైలట్ అంత తొందరగా ఎలా నిర్ణయం తీసుకుంటాడు, భయం వెయ్యదా అని. నేను ఇంతవరకు విమానం ఎక్కలేదు. మా ఊరి కొండ మీదుగా పోతుంటే తలెత్తి చూడటమే. కానీ ఆ ప్రశ్న నా బుర్రలో ఉండిపోయింది. కాలేజీ లైబ్రరీలో దొరికినవి, ఫోన్‌లో దొరికినవి చదువుతూ పోయాను. ధైర్యం గురించి ఉంటుందనుకున్నా. తీరా చూస్తే ఎక్కువగా ఉన్నది నోరు విప్పడం గురించి. పెద్దవాడు తప్పు చేస్తున్నాడని చిన్నవాడికి తెలిసినప్పుడు ఏం జరుగుతుంది అనేదాని గురించి. అందుకే ఈ చరిత్ర మనకి కూడా కావాలి అనిపించింది.

1977 మార్చి 27, ఆదివారం. ఆఫ్రికా పడమటి తీరం పక్కన సముద్రంలో స్పెయిన్ దేశానికి చెందిన కెనరీ దీవులు ఉన్నాయి. వాటిలో గ్రాన్ కెనరియా అనే దీవి విమానాశ్రయంలో ఆ రోజు బాంబు పేలింది. కెనరీ దీవులకి స్వాతంత్ర్యం కావాలని పోరాడేవాళ్ళు పెట్టిన బాంబు. దాంతో అక్కడికి రావాల్సిన విమానాలన్నిటినీ పక్క దీవి టెనెరిఫ్‌కి మళ్ళించారు. అది చిన్న విమానాశ్రయం, ఒకటే రన్‌వే. అందులో రెండు పెద్ద జంబోలు, బోయింగ్ 747లు. ఒకటి నెదర్లాండ్స్ దేశపు కేఎల్ఎం కంపెనీది, రెండోది అమెరికా పాన్ యామ్ కంపెనీది.

కేఎల్ఎం కెప్టెన్ పేరు వాన్ జాంటెన్. ఆయన మామూలు పైలట్ కాదు. ఆ కంపెనీలో 747 నడపడం నేర్పే పైలట్లకి పెద్ద. కంపెనీ ప్రకటనల్లో ఆయన ఫోటోనే వేసేవాళ్ళు. పక్కన కూర్చున్న కో-పైలట్‌కి 747 నడపడానికి పరీక్ష పెట్టి పాస్ చేసింది కూడా ఈయనే, అదీ కొద్ది నెలల క్రితమే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

గంటలు గడిచాయి. డచ్ ప్రభుత్వం అప్పుడే కొత్త నియమం తెచ్చింది, పైలట్ డ్యూటీ గంటలు దాటితే గట్టి చర్య ఉంటుందని. ఆలస్యమైతే ఆ రాత్రి అక్కడే ఆగిపోవాలి, వందల మందికి గదులు చూడాలి. టైం కలిసొస్తుందని కెప్టెన్ అక్కడే 55,000 లీటర్ల ఇంధనం నింపించాడు. దాంతో బరువు పెరిగింది. ఇంతలో పొగమంచు. టెనెరిఫ్ విమానాశ్రయం ఎత్తు మీద ఉంటుంది, మంచు అంటే నిజానికి మేఘమే నేల మీదకి దిగుతుంది. మన ఘాట్ రోడ్డు మీద డిసెంబర్‌లో బస్సు లైట్లు వేసుకుని పాకినట్టు పోతుంది చూడండి, అలాంటిది. టవర్‌లో వాళ్ళకి విమానాలు కనపడవు, విమానాలకి ఒకటికొకటి కనపడవు. నేల మీద చూపించే రాడార్ అక్కడ లేదు.

పక్కదారి అంతా ఆగిన విమానాలతో నిండిపోయింది. అందుకని రెండు జంబోలనీ రన్‌వే మీదే నడిపించారు. కేఎల్ఎం చివరిదాకా పోయి వెనక్కి తిరిగి నిలబడింది. పాన్ యామ్ దాని వెనకాలే వస్తూ మధ్యలో ఒక మలుపు దగ్గర పక్కకి తప్పుకోవాలి. ఆ మలుపు దాటిపోయి ఇంకా రన్‌వే మీదే ఉంది.

అప్పుడు వాన్ జాంటెన్ ఇంజన్ల జోరు పెంచాడు. కో-పైలట్ వెంటనే చెప్పాడు, ఆగండి, మనకి ఇంకా అనుమతి రాలేదు అని. కెప్టెన్ ఆపి, నాకు తెలుసులే, అడుగు అన్నాడు. కో-పైలట్ అడిగాడు. టవర్ నుంచి వచ్చింది లేచాక ఏ దారిలో పోవాలో చెప్పే అనుమతి మాత్రమే. లేవడానికి అనుమతి కాదు. కో-పైలట్ దాన్ని తిరిగి అప్పజెబుతుండగానే కెప్టెన్ బయలుదేరిపోయాడు. రెండోసారి అదే మనిషికి అదే మాట చెప్పడానికి ఆ కో-పైలట్‌కి నోరు రాలేదు. టవర్ ఆగమన్న మాట, పాన్ యామ్ వాళ్ళు మేమింకా రన్‌వే మీదే ఉన్నాం అన్న మాట ఒకేసారి రేడియోలో ఢీకొని కీచుమన్న శబ్దంలో కలిసిపోయాయి.

ఇక్కడ ఇంకో మనిషి ఉన్నాడు. వెనక సీట్లో ఫ్లైట్ ఇంజనీరు. ఆయనకి ఆ మాటల్లో ముక్క అర్థమైంది. ఆ పాన్ యామ్ విమానం ఇంకా తప్పుకోలేదా అని అడిగాడు. గమనించండి, ఆపండి అనలేదు. అడిగాడు. కెప్టెన్ గట్టిగా, తప్పుకుంది అన్నాడు. ఇంజనీరు ఇంకేం మాట్లాడలేదు. కొన్ని క్షణాల్లో ఎదురుగా పాన్ యామ్ కనిపించింది. పైకి లేపబోతే ఇంధనం బరువుకి తోక నేలకి రాసుకుంది. రెండు విమానాల్లో కలిపి 583 మంది చనిపోయారు. బతికింది 61 మంది, అందరూ పాన్ యామ్ వాళ్ళే. విమానాల చరిత్రలో ఇప్పటికీ ఇంతకంటే పెద్ద ప్రమాదం లేదు.

ఇది చదివాక నాకు ఇంటర్ పరీక్ష ఒకటి గుర్తొచ్చింది. ఇన్విజిలేటర్ సార్ నాకు ఇచ్చిన పేపర్ నాది కాదు, వేరే గ్రూపు వాళ్ళది. మొదటి ప్రశ్న చదవగానే తెలిసింది. అయినా ఇరవై నిమిషాలు పెన్ను పట్టుకుని కూర్చున్నా. సార్ ఇచ్చారంటే సరిగ్గానే ఇచ్చుంటారు, నేనే ఈ పాఠం చదవలేదేమో అని. చివరికి పక్క బెంచీ అమ్మాయి నా పేపర్ చూసి లేచి చెప్పింది. ఆ ఇంజనీరుని నేను తిట్టలేను.

విమానం నడపడంలో తెలివి ఒక్కటే చాలదని వాళ్ళకి ముందు కూడా ఒకసారి తెలిసింది. 1935 అక్టోబర్ 30న అమెరికాలో రైట్ ఫీల్డ్ దగ్గర బోయింగ్ కొత్త బాంబర్ విమానాన్ని సైన్యానికి చూపిస్తున్నారు. పైలట్ మేజర్ హిల్, మంచి అనుభవం ఉన్నవాడు. విమానం లేచి వెంటనే కూలిపోయింది. ఆయన చనిపోయాడు. కారణం వింటే నమ్మలేం. విమానం ఆగి ఉన్నప్పుడు గాలికి తోక రెక్కలు ఊగకుండా వేసే గొళ్ళెం తీయడం మర్చిపోయారు. ఆ తర్వాత వచ్చిందే చెక్‌లిస్ట్. చెయ్యాల్సినవి ఒక కాగితం మీద రాసుకుని ఒకటొకటిగా చదివి టిక్ పెట్టుకోవడం. మర్చిపోవడానికి మందు దొరికింది. కానీ కెప్టెన్‌కి ఎదురు చెప్పలేకపోవడానికి చెక్‌లిస్ట్‌లో మందు లేదు.

టెనెరిఫ్ జరిగి రెండేళ్ళు కూడా కాకముందే, 1978 డిసెంబర్ 28న, అమెరికాలో పోర్ట్‌లాండ్ అనే ఊరి దగ్గర ఇంకోటి. యునైటెడ్ కంపెనీ 173 నంబరు విమానం, లోపల 189 మంది. దిగడానికి చక్రాలు కిందకి దింపితే పెద్ద చప్పుడు వచ్చింది, లైటు వెలగాల్సినట్టు వెలగలేదు. చక్రం సరిగ్గా పడిందా లేదా? కెప్టెన్ ఊరి చుట్టూ తిప్పడం మొదలుపెట్టాడు. చక్రం సంగతి చూడటం, లోపల ప్రయాణికుల్ని గట్టిగా దిగడానికి సిద్ధం చెయ్యడం, ఇదంతా. సుమారు గంటసేపు తిరిగారు.

ఈ కెప్టెన్ వాన్ జాంటెన్ లాంటివాడు కాదు. తొందరపడలేదు. జాగ్రత్త పడుతున్నాడు. అదే ఆయన్ని ముంచింది. ఒత్తిడిలో ఉన్న మనిషి చూపు సన్నబడిపోతుంది, ఒక్క సమస్య మీదే నిలబడిపోతుంది. టైం ఎంతయిందో కూడా తెలీదు. పొయ్యి మీద అన్నం మాడుతుంటే వాసన కూడా రాదు చూడండి, ఏదో గొడవలో ఉన్నప్పుడు. ఫ్లైట్ ఇంజనీరు ఇంధనం చూస్తూనే ఉన్నాడు. ఇంకో పదిహేను నిమిషాలు తిరిగితే ఇంధనం బాగా తగ్గిపోతుంది అని చెప్పాడు కూడా. కానీ ఎలా చెప్పాడు? ఏదో సమాచారం ఇస్తున్నట్టు. మనం చెప్పినట్టే, సార్... అది కొంచెం... తక్కువుంది సార్, అన్నట్టు. ఇప్పుడే దించాలి, లేకపోతే చస్తాం అని చెప్పినవాడు లేడు. ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. విమానం రన్‌వేకి కొన్ని మైళ్ళ దూరంలో ఇళ్ళ మధ్య చెట్లలో పడింది. ఇంధనం లేదు కాబట్టి మంట రాలేదు, చాలామంది బతికారు. పదిమంది చనిపోయారు. వాళ్ళలో ఆ ఇంజనీరు ఒకడు. తర్వాత చూస్తే చక్రాలు సరిగ్గానే దిగి ఉన్నాయి.

నాకు టెనెరిఫ్ కంటే పోర్ట్‌లాండ్ ముఖ్యం అనిపిస్తుంది. టెనెరిఫ్‌లో మంచు ఉంది, రేడియో గోల ఉంది, బాంబు ఉంది. పోర్ట్‌లాండ్‌లో ఆకాశం తేటగా ఉంది. విమానం దాదాపు బాగానే ఉంది. ముగ్గురు అనుభవం ఉన్న మనుషులు, ముగ్గురికీ కలిపి కావాల్సిన సమాచారం అంతా ఉంది. అది ఒక మనిషి దగ్గర్నుంచి ఇంకో మనిషి దగ్గరికి బలంగా చేరలేదు, అంతే.

ప్రమాదాన్ని విచారించిన అమెరికా రవాణా భద్రతా బోర్డు, కెప్టెన్లకి అందరినీ కలుపుకుని పని చెయ్యడం, కింది సిబ్బందికి గట్టిగా చెప్పడం నేర్పాలని రాసింది. 1979లో నాసా సంస్థ కంపెనీలని పిలిచి దీని మీదే ఒక సదస్సు పెట్టింది. అంతరిక్షానికి రాకెట్లు పంపే నాసా, పక్కపక్క సీట్లలో ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం గురించి సదస్సు పెట్టింది! 1981లో యునైటెడ్ కంపెనీయే మొదటి శిక్షణ మొదలుపెట్టింది. దీన్నే ఇప్పుడు సీఆర్ఎం అంటారు, క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్. మొదట్లో పాత కెప్టెన్లు దీన్ని వెక్కిరించారు. మమ్మల్ని మర్యాదలు నేర్పే బడికి పంపుతున్నారని. వాళ్ళ బాధ కూడా కొంత అర్థమవుతుంది. ముప్పై ఏళ్ళు నడిపినవాడికి నిన్న వచ్చిన కుర్రాడి మాట వినమంటే ఎలా ఉంటుంది?

ఈ శిక్షణలో నాకు నచ్చింది ఏంటంటే, ధైర్యంగా ఉండు అని ఊరికే చెప్పి వదలరు. మాట ఎలా కట్టాలో నేర్పుతారు. ముందు ఆ మనిషిని పేరు పెట్టి పిలవాలి. నాకు ఆందోళనగా ఉంది అనాలి. ఏం చూశావో చెప్పాలి. ఏం చెయ్యాలో చెప్పాలి. ఒప్పుకుంటారా అని అడగాలి. రెండుసార్లు చెప్పినా జవాబు రాకపోతే కంట్రోల్ తానే తీసుకోవాలి అనే నియమం కూడా చాలా కంపెనీల్లో పెట్టారు. అటు కెప్టెన్‌కి కూడా నేర్పుతారు, ప్రయాణం మొదలవ్వకముందే, నేను తప్పు చేస్తే చెప్పండి అని తన నోటితో తనే చెప్పాలని. అది చెప్పకపోతే కిందవాడికి తలుపు మూసి ఉన్నట్టే.

టెనెరిఫ్ తర్వాత రేడియో మాటలు కూడా మార్చారు. టేకాఫ్ అనే మాట నిజంగా లేవడానికి అనుమతి ఇచ్చేటప్పుడే వాడాలి. మిగతా అన్ని చోట్లా డిపార్చర్ అనాలి. ఒక్క మాట.

ఇక ఈ శిక్షణ పనిచేసిందా? 1989 జూలై 19. మళ్ళీ అదే యునైటెడ్, విమానం నంబరు 232, డెన్వర్ నుంచి చికాగోకి. తోకలో ఉన్న ఇంజన్ గాల్లో పగిలిపోయింది. దాని ముక్కలు తగిలి మూడు హైడ్రాలిక్ లైన్లూ తెగిపోయాయి. అంటే స్టీరింగ్ తిప్పితే చక్రం తిరగదు, బ్రేకు తొక్కితే పడదు, అలాంటి పరిస్థితి. దీనికి చెక్‌లిస్ట్ లేదు, మూడూ ఒకేసారి పోతాయని ఎవరూ అనుకోలేదు కాబట్టి. కెప్టెన్ అల్ హేన్స్. ప్రయాణికుల్లో డెన్నిస్ ఫిచ్ అని అదే కంపెనీకి చెందిన శిక్షణ పైలట్ ఉన్నాడు, డ్యూటీలో లేడు. సాయం చేస్తానని కబురు పంపితే హేన్స్ వెంటనే లోపలికి రమ్మన్నాడు. మిగిలిన రెండు ఇంజన్ల జోరు ఒకదానిది పెంచి ఒకదానిది తగ్గించి విమానాన్ని తిప్పే పని ఆయన చేతికి ఇచ్చాడు. తన విమానంలో తన సీటు పక్కన, అప్పుడే వచ్చిన మనిషికి.

సుమారు ముప్పావుగంట అలా ఈడ్చుకుంటూ అయోవా రాష్ట్రంలో సూ సిటీ విమానాశ్రయానికి తెచ్చారు. దిగేటప్పుడు కుడి రెక్క తగిలి విమానం విరిగి మొక్కజొన్న చేలోకి దొర్లింది. 296 మందిలో 112 మంది చనిపోయారు, 184 మంది బతికారు. తర్వాత మంచి పైలట్లని సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి ఇదే చెయ్యమంటే ఆ విమానాన్ని క్షేమంగా దించడం కుదరలేదు. హేన్స్ తర్వాత ఎన్నో ఏళ్ళు ఊరూరా తిరిగి ఈ కథ చెప్పాడు. ఎక్కడా నేను కాపాడాను అనలేదు. ఆ కాక్‌పిట్‌లో నలుగురికీ కలిపి 103 ఏళ్ళ అనుభవం ఉంది, దాన్ని వాడుకోకుండా నా ఒక్కడి మాటే చెల్లాలని ఎందుకు అనుకోవాలి అనే అర్థంలో చెప్పేవాడు.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దించిన సల్లెన్‌బర్గర్ కథ చాలామందికి సినిమా వల్ల తెలుసు. బాతులు తగిలి రెండు ఇంజన్లూ పోయాయి, నీళ్ళ మీద దించేదాకా 208 సెకన్లు, 155 మందీ బతికారు. అందులో నేను చెప్పాలనుకున్నది ఒకటే. ఆ ఆఖరి క్షణాల్లో కూడా కెప్టెన్ పక్కనున్న స్కైల్స్‌ని అడిగాడు, నీకేమైనా ఆలోచన ఉందా అని. స్కైల్స్ లేదు అన్నాడు. స్కైల్స్ ఆ రకం విమానం శిక్షణ అప్పుడే పూర్తి చేసుకుని వచ్చినవాడు. అయినా అడిగాడు. తిరిగి విమానాశ్రయానికి రాగలిగేవాడు కదా అని తర్వాత కొందరు అన్నారు. సిమ్యులేటర్‌లో పక్షులు తగిలిన క్షణమే వెనక్కి తిప్పితే వచ్చేస్తుంది. మనిషి ఆలోచించుకోవడానికి 35 సెకన్లు ఇచ్చి చూస్తే కూలిపోయింది.

ఇప్పుడు నాకు కోపం వచ్చిన విషయం ఒకటి చెప్తాను. 1997లో గువామ్ దీవిలో కొరియన్ ఎయిర్ విమానం కూలి 228 మంది పోయారు. 1999లో లండన్ దగ్గర అదే కంపెనీ సరుకు విమానం కూలింది. కెప్టెన్ ముందున్న మీటర్ తప్పు చూపిస్తోంది, హెచ్చరిక మోగుతోంది, ఇంజనీరు వంగిపోతోందని అంటున్నాడు, సరైన మీటర్ ముందున్న కో-పైలట్ మాత్రం నోరు తెరవలేదు. నలుగురూ చనిపోయారు. అప్పట్నుంచి చాలామంది, 2008లో 'అవుట్‌లయర్స్' అనే పుస్తకం రాసిన మాల్కమ్ గ్లాడ్‌వెల్ లాంటివాళ్ళు, కారణం కొరియా సంస్కృతి అన్నారు. వాళ్ళ భాషలో పెద్దలకి మర్యాద మాటలు ఎక్కువ, అందుకే చిన్నవాడు సూటిగా చెప్పలేడు అని.

ఇందులో నిజం అసలు లేదని అనను. మన మాటల్లో కూడా గారు, సార్, అయ్యా అనకుండా నోరు తిరగదు. కానీ టెనెరిఫ్‌లో ఉన్నది డచ్ వాళ్ళు. పోర్ట్‌లాండ్‌లో ఉన్నది అమెరికా వాళ్ళు. అప్పుడు ఎవరూ ఇది తెల్లవాళ్ళ సంస్కృతి లోపం అనలేదు. శిక్షణ లోపం అన్నారు, శిక్షణ మార్చారు. అదే పని ఆసియా వాళ్ళు చేస్తే రక్తంలో ఉందంటారు. మన పిల్లలు క్లాసులో మాట్లాడకపోతే ట్రైబల్ వాళ్ళు అంతే, సిగ్గెక్కువ అంటారు చూడండి, అదే మాట. కొరియన్ ఎయిర్ కూడా 2000లో అమెరికా డెల్టా కంపెనీ నుంచి ఒకాయన్ని తెచ్చుకుని శిక్షణ మార్చింది, ఆ తర్వాత భద్రతలో మంచి పేరు తెచ్చుకుంది. భాష అదే, మనుషులు వాళ్ళే.

చివరగా మన దేశంలో జరిగింది. 2010 మే 22, తెల్లారుజాము దాటాక. దుబాయ్ నుంచి మంగళూరుకి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం. ఎక్కువమంది గల్ఫ్‌లో పనులు చేసుకుని ఇంటికొచ్చేవాళ్ళు. మంగళూరు రన్‌వే కొండ మీద బల్ల పరిచినట్టు ఉంటుంది, చివర లోయ. కెప్టెన్ దారిలో గంటన్నరకి పైగా నిద్రపోయాడని రికార్డర్‌లో తేలింది. లేచేసరికి విమానం ఉండాల్సినదానికంటే చాలా ఎత్తులో ఉంది. ఆ ఎత్తు నుంచి గబగబా దించాడు. కో-పైలట్ మూడుసార్లు చెప్పాడు, గో అరౌండ్ అని, అంటే దించకు, మళ్ళీ పైకి లేపి తిరిగి రా అని. విమానంలో హెచ్చరిక గొంతు కూడా మోగుతూనే ఉంది. కెప్టెన్ దించేశాడు. రన్‌వేలో చాలా దూరం దాటాక చక్రాలు తగిలాయి. అప్పుడు లేపాలని చూశాడు, కుదరలేదు. లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. 8 మంది బతికారు.

తమ్ముడూ, టెనెరిఫ్‌లో ఆ ఇంజనీరు ఒకసారి అడిగి ఊరుకున్నాడు. మంగళూరులో ఈయన ఊరుకోలేదు. ముప్పై మూడేళ్ళలో అంత తేడా వచ్చింది. మరి కంట్రోల్ ఎందుకు తీసుకోలేదు అంటే, విచారణ నివేదికలో దానికి ఒక వాక్యం ఉంది. కో-పైలట్ తనంతట తాను విమానాన్ని పైకి లేపొచ్చా లేదా అనే దాని మీద ఉన్న సూచనల్లోనే స్పష్టత లేదు, బహుశా అందుకే చెబుతూ ఉండిపోయాడు కానీ చెయ్యి వెయ్యలేదు అని.